గుండం కాడ నమ్మినోళ్లను మైకు కాడ నమ్మరా?

శ్రీ సత్యసాయి జిల్లా కలెక్టర్ గారికి, రామగిరి మండలం నుంచి ఒక బహిరంగ లేఖ

కలెక్టర్ గారూ,

మా మండలం నుంచి మీ కార్యాలయానికి వచ్చే కాగితాల్లో ఎక్కువ భాగం పాసుపుస్తకాల తప్పులు, ఆగిపోయిన పింఛన్లు, సెనక్కాయ ఇన్సూరెన్సు గురించి ఉంటాయి. ఈ ఉత్తరం వాటిల్లో దేని గురించీ కాదు. పండగల గురించి. సర్కారు చేసే పండగల్లో మా ఊళ్ల పిల్లలు ఏ మూల నిలబడుతున్నారు అన్నదాని గురించి. సెనక్కాయ పీకేశారు, కట్టె వామి వేశారు, జనాలకు కాస్త తీరిక దొరికింది. సంక్రాంతి, రిపబ్లిక్ డే ఇంకా రావాల్సి ఉన్నాయి. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

ముందు మీకొక గుంత చూపిస్తాను.

మొహర్రం పదో నాడు, తెల్లవారుజాము నాలుగు గంటలు. పీర్ల చావిడి ముందు గుండంలో రాత్రంతా మండిన తుమ్మమొద్దులు నిప్పులయ్యాయి. ఒడ్డున పదహారు పదిహేడేళ్ల పిల్లోడొకడు నిలబడి ఉన్నాడు. నడుముకు తడి తువ్వాలు, చేతిలో తనకు రెండింతల పొడుగున్న పచ్చికట్టె. దాంతో నిప్పుల్ని నెట్టి చదునుగా పరుస్తున్నాడు. సగం కాలిన మొద్దు కనబడితే ఒడ్డుకు లాగుతున్నాడు. సెగకు కనుబొమ్మలు కమిలిపోయాయి. పీరును ఎత్తుకున్న పెద్దాయన గుండం ముందుకొచ్చి ఆగాడు. తప్పెట ఆగింది. పెద్దాయన పిల్లోడి వైపు చూసి, "ఏమప్పా, దిగొచ్చునా?" అన్నాడు. వాడు జవాబు చెప్పలేదు. ఒక మూల ఇంకోసారి కట్టెతో సర్ది, అప్పుడు తలూపాడు. ఆ తలూపుడు చూశాకే పెద్దాయన నిప్పుల్లో కాలు పెట్టాడు.

ఆ పిల్లోడు పదో తరగతి తప్పాడని ఊరందరికీ తెలుసు. అయినా ఆ రాత్రి ఊరి పెద్దల అరికాళ్లు వాడి చేతిలో ఉన్నాయి. వాడికా పని ఎవరూ ఆర్డరు కాగితం మీద రాసివ్వలేదు. ఒక ఏడు కట్టెలు మోశాడు, ఇంకో ఏడు నీళ్లు మోశాడు, మూడో ఏడు ఒడ్డున నిలబడి చూశాడు. నాలుగో ఏడు, అంతకు ముందు కట్టె పట్టినోడు బెంగుళూరు పోయేముందు దాన్ని వీడి చేతికిచ్చిపోయాడు. మా అనంతపురం సీమలో పీర్ల పండగ సాయిబులదొక్కటే కాదని మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. నార్పల మండలం గూగూడు కుళ్లాయిస్వామి కాడికి పోయే జనంలో ఏ కులమోళ్లు లేరో వెతికి చూడాల్సిందే. గుండం కాడ కట్టె పట్టడానికీ కులం పట్టింపు లేదు. పని వచ్చునా రాదా, అంతే.

ఇప్పుడు ఒక గ్రౌండు చూడండి. ఇది నా చిన్నప్పటి సంగతి. ఏ బడి, ఏ అతిథి అన్నది ఇప్పుడు అనవసరం. ఆగస్టు 15. సున్నంతో గీసిన గీతల మీద పొద్దున ఏడున్నరకే మమ్మల్ని నిలబెట్టారు. పెద్దమనిషి వచ్చేసరికి పదిన్నర. ఆలోపు ఇద్దరు కళ్లు తిరిగి కూలబడితే చెట్టు కింద కూర్చోబెట్టి నీళ్లు చల్లారు. ఆయనొచ్చాక ఉపన్యాసాలు మొదలయ్యాయి. ఒకాయన తర్వాత ఒకాయన. చివరికి "సారుకు టైం లేదు, రెండు డ్యాన్సులు చాలు" అన్నారు. నెలరోజులు నేర్చుకున్న ఆరేడు అంశాలు ఆ మాటతో పోయాయి. మా వీధి పిల్ల ఒకతె అప్పటికే గజ్జెలు కట్టుకుని ఉంది. విప్పమని ఎవరూ చెప్పలేదు, తనూ విప్పలేదు. ఇంటిదాకా ఆ గజ్జెల చప్పుడు మా వెనకే వచ్చింది. మేం, మగపిల్లలం, బెంచీలు మోసి గదుల్లో పెట్టి చాక్లెట్లు తీసుకుని వచ్చాం. ఇది ముప్పై ఏళ్ల కిందటి మాట. ఇప్పుడు చాక్లెట్ల చోట లడ్డూలు వచ్చాయి, మైకు చోట డీజే బాక్సులు వచ్చాయి. మిగతాది మీరు ఎన్నోసార్లు వేదిక మీద నుంచి చూసే ఉంటారు. కింది నుంచి చూస్తే ఎట్లా ఉంటుందో చెబుదామని ఇది రాశాను.

1992లో రోజర్ హార్ట్ అనే ఆయన యూనిసెఫ్ కోసం ఒక చిన్న పుస్తకం రాశాడు. పెద్దలు చేసే పనుల్లో పిల్లల వంతు ఎంత అన్నది కొలవడానికి ఎనిమిది మెట్ల నిచ్చెన వేశాడు. అడుగున మూడు మెట్లకు ఆయన పెట్టిన పేర్లు తెలుగులో చెప్పుకోవాలంటే వాడుకోవడం, అలంకారం, మొక్కుబడి. ఈ మూడింటి మీద నిలబడ్డ పిల్లలు పాల్గొన్నట్టే లెక్క కాదంటాడు. ఆ గజ్జెల పిల్ల రెండో మెట్టు మీద ఉండింది. గుండం కాడి పిల్లోడు ఎన్నో మెట్టు మీద ఉన్నాడో లెక్కేయండి. ఆ ఊళ్లో నిచ్చెన సంగతి ఎవరికీ తెలీదు.

గుర్తింపు మాటకొస్తే, మన దగ్గర అదీ ఉంది, లేదనను. జనవరి 26న, ఆగస్టు 15న జిల్లా కేంద్రంలో పరేడ్ అయ్యాక ఉత్తమ ఉద్యోగులకు ప్రశంసాపత్రాలు ఇస్తారు. 2025 జూన్‌లో పదో తరగతిలో, ఇంటర్లో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లల్ని ప్రభుత్వం 'షైనింగ్ స్టార్స్' పేరుతో సత్కరించింది. మంచిదే. కష్టపడి చదివిన పిల్లకు కలెక్టరు చేతి మీదుగా మెడల్ రావడం ఆ ఇంట్లో తరతరాలు చెప్పుకునే మాట. నా బాధ వేరే. అట్లా మార్కులు తెచ్చుకున్నోళ్లు ఊరికి ఒకరో ఇద్దరో. మిగిలిన నలభై మంది ఆ రోజు చప్పట్లు కొట్టడానికి ఉన్నారు. పైగా ఆ పత్రాల్లో రాసే వాక్యం అందరికీ ఒకటే. పేరు చోటు మాత్రం ఖాళీగా అచ్చేసి ఉంటుంది.

మా ఊళ్లలో పేరు చదివే పద్ధతి ఒకటుంది. సదివింపులు.

పెండ్లిలో తలంబ్రాలు అయ్యాక పందిరి పక్కన చిన్న బల్ల వేస్తారు. ఒకరు పుస్తకం, ఒకరు మైకు. "పేరూరు నుంచి పెండ్లికొడుకు పెద్దమ్మ కొడుకు, 516 రూపాయలు." "కుంటిమద్ది మేనమామ, స్టీలు బిందె." "నసనకోట స్నేహితులు, గోడ గడియారం." అన్నం తింటున్నోళ్లు విననట్టే ఉంటారు గానీ ఒక్క పేరు పొల్లుపోనివ్వరు. మైకు పట్టినాయన 5,000 అన్నా, 51 అన్నా ఒకే గొంతుతో అంటాడు. ఆ చదువులో ఎప్పుడూ మూడుంటాయి: ఎవరి బిడ్డ, ఏ ఊరు, ఏమిచ్చాడు. ఇవి మూడూ చెప్పకుండా ఉత్త పేరు చదివితే "ఎవరప్పా ఆయన?" అని పందిట్లోనే అడుగుతారు. పీర్ల దగ్గర చక్కెర తీసుకుపోయి ఫాతెహా చేయించడాన్ని కూడా మావాళ్లు సదివింపులనే అంటారు. నలుగురి ముందు గొంతెత్తి చదివితేనే ఇచ్చింది చేరినట్టు.

మీకు నా మనవి ఇదీ. మండలంలో యువజన వేడుక చేస్తే, షీల్డులు పక్కనపెట్టి, పనుల సదివింపులు పెట్టించండి. ఊరికి ఎవరు ఏం చేశారో ఊరి మైకులో చదవాలి. ఇట్లా అనుకోండి: "ఎగువ వీధి ఫలానా వారి కూతురు, ఇంటర్ రెండో ఏడు. వంక పారిన నెలంతా చిన్నపిల్లల్ని బడికి దాటించింది." "ఫలానా వారి కొడుకు, చదువు మానేశాడు, మోటారు వైండింగు నేర్చాడు. తాగునీళ్ల బోరు మోటారు కాలిన రాత్రి కూలి తీసుకోకుండా కట్టిచ్చాడు." "ఫలానా వారి మనవరాలు, తొమ్మిదో తరగతి. వీధిలో అవ్వలకు ఈకేవైసీ చేయించడానికి సచివాలయానికి పదకొండుసార్లు తీసుకుపోయింది." ఆ పదకొండు అన్నది ఊరికే వేసిన అంకె అయితే వినేవాళ్లకు తెలిసిపోతుంది. ఎందుకంటే ఆ అవ్వలు ముందు వరుసలోనే కూర్చుని ఉంటారు. అబద్ధం ఆడలేని సభ అది.

ఎప్పుడు చేయాలి? జాతీయ యువజన దినోత్సవం జనవరి 12. వివేకానందుడి జయంతి. 1985 నుంచీ దేశమంతా చేస్తున్నారు. కానీ మన రాష్ట్రంలో ఆ తేదీ వచ్చేసరికి బళ్లకూ కాలేజీలకూ సంక్రాంతి సెలవులు. పటానికి దండ పడుతుంది, ఫొటో పేపరుకు పోతుంది, యువజనులు మాత్రం బస్సుల్లో ఉంటారు. అదే సమయానికి ఊళ్లు నిండుతాయి. బెంగుళూరులో ఇండ్ల పనికి పోయినోళ్లు, పెనుకొండ దగ్గర కియాలోనూ దాని చుట్టూ ఉన్న కంపెనీల్లోనూ షిఫ్టులు చేసేవాళ్లు, ధర్మవరంలో మగ్గం మీద కూర్చునేవాళ్లు, అందరూ మూడు రోజులకు ఇంటికొస్తారు. మండల కేంద్రంలో 12న ఖాళీ కుర్చీలకు ఉపన్యాసం చెప్పేకన్నా కనుమ నాటి సాయంత్రం ఊరి రచ్చకట్ట కాడ చేస్తే సరిపోదా? తేదీ మారినందుకు వివేకానందుడు ఏమీ అనుకోడు.

ఎవరు చేయాలి అన్నదే అసలు చిక్కు. ఇక్కడ మా మండలం గురించి నాలుగు మాటలు దాచకుండా చెప్పాలి.

రామగిరి అంటే బయటివాళ్లకు ఒకప్పుడు బంగారు గనులు. అవి మూతపడి రెండు దశాబ్దాలు దాటింది. తర్వాత గుట్టల మీద గాలిమరలు వచ్చాయి, 1990ల్లో రాష్ట్రంలో అందరికన్నా ముందు వచ్చినవాటిల్లో అవీ ఉన్నాయి. కానీ రామగిరి పేరు ఎక్కువ దూరం పోయింది ఫ్యాక్షన్ వల్ల. 2010లో రెండు భాగాలుగా వచ్చిన 'రక్త చరిత్ర' చూసి మమ్మల్ని లెక్కగట్టినోళ్లు ఇప్పటికీ ఉన్నారు. హాస్టల్లో ఊరు పేరు చెబితే పక్క మంచం పిల్లోడు "అయ్యో" అనేవాడు. ఆ కాలాన్ని చూసినవాడిగా నాకు తోచేది ఒకటుంది. అప్పట్లో కుర్రోళ్లు ఫ్యాక్షన్ జీపుల వెనక ఎందుకు ఎక్కారు? పగలూ పంతాలూ ఉన్నోళ్లు కొందరే. మిగిలినోళ్లకు ఊళ్లో ఎవరూ పని అప్పగించలేదు. అక్కడ అప్పగించారు. ఊళ్లో వాళ్లను "ఒరే" అని పిలిచారు. అక్కడ పేరు పెట్టి పిలిచారు. వాళ్ల పేర్లు గట్టిగా చదివిన మొదటి మైకు ఏది అన్నది గుర్తు చేసుకుంటే నాకిప్పటికీ మనసు పట్టదు.

అందుకే మీ వాళ్లు ఒక మాట అంటారని నాకు ముందే తెలుసు: "డబ్బూ మైకూ కుర్రోళ్ల చేతికిస్తే పార్టీలు దూరుతాయి, గొడవలవుతాయి." నిజమే, దూరుతాయి. వినాయక చవితికి ఒక్కో ఊళ్లో రెండు విగ్రహాలు ఎందుకు నిలబడతాయో, నిమజ్జనం ఏ వీధిలో నుంచి పోవాలో తేల్చడానికి పోలీసులు ఎందుకు కూర్చోబెట్టి మాట్లాడతారో తెలియనిదేం కాదు. కానీ అదే వినాయకుడి దగ్గర ఇంకోటి కూడా చూశాను. నిమజ్జనం మరుసటి రాత్రి గుడి అరుగు మీద ఐదుగురు కుర్రోళ్లు నోటు పుస్తకం ముందేసుకుని కూర్చున్నారు. చందాలు ఒక పక్క, ఖర్చులు ఒక పక్క: జనరేటర్ డీజిల్, టెంపో బాడుగ, కొబ్బరికాయలు, తప్పెటోళ్లకు, లడ్డూ వేలం పాట బాకీ. 140 రూపాయలు తేడా వచ్చింది. పది గంటల నుంచి పన్నెండు దాకా ఆ 140 కోసం కొట్టుకున్నారు. చివరికి దొరికింది, అగరబత్తీల బిల్లు రెండుసార్లు రాశారు. తెల్లారి ఆ పేజీని గుడి గోడకు అంటించారు. పెద్దలు పెట్టిన కమిటీల్లో లెక్క గోడకెక్కడం నేను ఎన్నిసార్లు చూశానో వేళ్ల మీద చెప్పగలను. రెండో చేయి అక్కర్లేదు.

పిల్లల చేతికి లెక్కలిస్తే ఏమవుతుందో ఈ సీమకు కొత్త కాదు కూడా. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న దేశంలో మొదలైందే నార్పల మండలం బండ్లపల్లిలో. అదే ఏడాది అనంతపురం జిల్లాలో పెద్ద ఎత్తున సామాజిక తనిఖీ జరిగింది. కూలీ ఇళ్లల్లో చదువుకున్న పిల్లలకు శిక్షణ ఇచ్చి, మస్టర్లు చేతికిచ్చి, ఇంటింటికీ పంపారు. సభలో నిలబడి "ఈ పేరు మీద డబ్బులు డ్రా అయ్యాయి, ఈ మనిషి పనికే రాలేదు" అని చదివింది వాళ్లే. సర్కారు సొమ్ము లెక్క చూడమని ఇచ్చినోళ్లకు షామియానా లెక్క ఇవ్వడానికి జంకెందుకు?

పార్టీలు దూరకుండా ఉండటానికి నా దగ్గరున్న మందు పాతదే, చీటీలు. వీధికి ఇద్దరు, ఒక ఆడపిల్ల, ఒక మగపిల్లోడు, పద్నాలుగు నుంచి ఇరవై ఒకటి లోపు. ఇష్టమున్నోళ్లు పేర్లివ్వాలి, రచ్చకట్ట కాడ అందరి ముందు చీటీ తీయాలి. ఎస్సీ కాలనీ వీధి వీధే, దాన్ని చివర్లో కలిపే పద్ధతి వద్దు. మండలం ఆ రోజు టెంట్లకూ ఫ్లెక్సీలకూ పెట్టే డబ్బు ఎంతో అంతే వాళ్ల చేతికివ్వండి, అంతకన్నా ఒక్క రూపాయి అడగను. మూడు రోజుల్లో లెక్క సచివాలయం గోడ మీద ఉండాలి. తప్పు చేస్తే ఆ తప్పు కూడా గోడ మీదే ఉంటుంది, దిద్దుకోవడానికి వాళ్లకు ఇంకో ఏడాది ఉంటుంది. ఉపన్యాసాలు ఉండొద్దని అనను. మూడు నిమిషాలు, అదీ సదివింపులయ్యాక. గడియారం ఎనిమిదో తరగతి పిల్లోడి చేతిలో ఉండాలి.

ఆడపిల్లల గురించి విడిగా చెప్పాలి. నేను ఇంతసేపూ పొగిడిన గుండం కాడా, వినాయకుడి లెక్కల కాడా ఒక్క ఆడపిల్ల లేదు. ఊరి పద్ధతులన్నీ గొప్పవని చెప్పడానికి ఈ ఉత్తరం రాయలేదు. ఊళ్లో ఆడపిల్లను పండగకు ముగ్గు వేయమంటారు, హారతి పట్టమంటారు, లెక్క రాయమనరు. ఆ బండ్లపల్లి నుంచే బారెడ్డి అనూష అనంతపురంలో ఆర్డీటీ మైదానంలో ఆడి, 2023 జూలైలో బంగ్లాదేశ్ మీద క్రికెట్‌లో దేశం తరఫున బంతి వేసింది. ఆ అమ్మాయికి ఇప్పుడు దండలు వేయడానికి అందరం సిద్ధమే. పన్నెండేళ్లప్పుడు బంతి చేతికిచ్చినోళ్లు కొందరే ఉండి ఉంటారు. కార్యక్రమం చీకటి పడేలోపు ముగిస్తే ఇంట్లో పంపుతారు. రాత్రి పదికి పెడితే పంపరు. ఇంత చిన్న విషయం మీదే సగం మంది వస్తారా రారా అన్నది తేలిపోతుంది.

కళల సంగతి వాళ్లకే వదిలేయండి. డీజే పెడతారు, పెట్టనీండి. దాంతోపాటు ఉరుములోళ్లు ఉన్నారు, చెక్కభజన ఉంది. ధర్మవరం మండలం నిమ్మలకుంటలో తోలుబొమ్మలాట ఉంది. దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చేనాటికి ఆయన పండు ముసలి. ఆయన బొమ్మ పట్టడం నేర్చిన వయసులో ఎవరు చప్పట్లు కొట్టారో గానీ, ఈ రోజు ఆ ఊళ్లో తెర వెనక కూర్చున్న పదిహేనేళ్ల పిల్లోడి పేరు మన సదివింపుల్లో ఉంటే చాలు. పద్మశ్రీ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ఇంకో మాట. మా పేరూరు డ్యాముకు నీళ్లొచ్చే పెన్న మీద, పైన కాస్త దూరంలో నాగలమడక ఉంది. అది కర్ణాటక, పావగడ తాలూకా. అక్కడ కూడా చాలామంది మాట్లాడేది తెలుగే. కర్ణాటక సర్కారు 2006లో ఉత్తర్వు ఇచ్చి, పంచాయతీల్లో 'మక్కళ గ్రామసభ' పెట్టమంది. పిల్లలు కూర్చుని, బడికి ప్రహరీ లేదనో, దారిలో సారాయి అంగడి ఉందనో పంచాయతీవాళ్లను ముఖం మీదే అడిగే సభ. అన్ని చోట్లా బాగా జరుగుతుందని నేను చెప్పను. కానీ పెట్టాలన్న కాగితం ఉంది, పెట్టకపోతే అడిగే దారి ఉంది. మన దగ్గర 2024 ఆగస్టు 23న ఒక్క రోజే 13,326 పంచాయతీల్లో గ్రామసభలు జరిగాయి. అంత పెద్ద పని చేయగలమని తేలింది. ఓటరు జాబితాలో పేరున్నోళ్లే గ్రామసభ సభ్యులు కాబట్టి పద్దెనిమిది లోపువాళ్లు ఆ రోజు కూడా గోడ పక్కన నిలబడే ఉన్నారు. కనుమ నాటి సదివింపులు అయ్యాక ఒక అరగంట వాళ్లను అడగనిస్తే, నీరు ఏ దిక్కు నుంచి పారినా మనకూ చేరుతుంది.

మండలమంతా ఒకేసారి వద్దు. ఏదైనా ఒక్క ఊళ్లో పెట్టించి చూడండి. ముత్యాలమ్మ జాతర చేసి చేసి జనం చేయి తిరిగిన నసనకోట అయినా సరే, ఎవరూ పట్టించుకోని చిన్న పల్లె అయినా సరే.

మీరు కూడా రావాలి. వేదిక ఉండదు, రచ్చకట్ట మీద చోటుంటుంది, చాప వేస్తారు. శాలువా కప్పరు, ఖర్చు దండగని పిల్లలు ముందే అనుకుంటారు. గడియారం పట్టిన పిల్లోడు మూడు నిమిషాలు కాగానే చేయెత్తుతాడు, నొచ్చుకోవద్దు. బల్ల కాడ మీరూ ఏదో ఒకటి సదివించాలి, ఎంతన్నది మీ ఇష్టం. మీ పేరు, మీ ఊరు, ఎవరి బిడ్డ అన్నది చీటీ మీద రాసివ్వండి. మైకులో చదువుతారు.

ఇట్లు,
రామగిరి మండలంలో ఒకప్పుడు బెంచీలు మోసిన పిల్లోడు